మితభాషా, ముభావమా?

పాఠకుల ప్రశ్నలు, తెలుగు టీచర్ జవాబులు

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారం. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే సారు ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. సభలో నన్ను మాట్లాడమన్నారు. రాయడానికి కూర్చుంటే ‘మంచి మనిషి, సౌమ్యుడు, మృదుస్వభావి’ దగ్గరే ఆగిపోతున్నాను. ఆయన ఎక్కువ మాట్లాడరు. ఎవరికైనా డబ్బు ఇబ్బంది వస్తే నలుగురికీ తెలియకుండా సర్దుతారు. బిల్లులో రూపాయి తేడా ఉన్నా మాత్రం సంతకం పెట్టరు. ఇలాంటివారికి ఏ మాటలు వాడాలి? ఏ నిఘంటువు చూడాలి?
– ఒక పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: మీరు టెన్షన్ పడనక్కర్లేదు. చివర్లో రాసిన ఆ మూడు విషయాలతోనే మీ ఉపన్యాసం సగం అయిపోయింది. ‘మంచి మనిషి’ కొట్టేయండి. ఆ మాట ఏ సభలో ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ గుర్తుండదు.

ఎక్కువ మాట్లాడరన్నారు. అలాంటివారికి మన దగ్గర చాలా మాటలున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే మనిషే మారిపోతాడు. మితభాషి అంటే అవసరమైనంతే మాట్లాడేవారు, అందులో గౌరవం ఉంది. ‘ముభావంగా ఉంటారు’ అంటే మనసులో ఏదో కినుక ఉందనుకుంటారు వినేవాళ్లు. ‘గుంభనంగా ఉంటారు’ అంటే లోపల ఏదో దాస్తున్నారనుకుంటారు. బిడియస్తుడు కొత్తవాళ్ల ముందు ముడుచుకుపోతాడు. మొహమాటస్తుడికి కొత్తా పాతా లేదు, ఎవరికీ ముఖం మీద ‘కాదు’ అని చెప్పలేడు. తేడా ఉన్న బిల్లును వెనక్కి పంపుతున్నారంటే మీ సారుకు మొహమాటం లేనట్టే. ‘నోట్లో నాలుక లేని మనిషి’ అని మాత్రం దయచేసి అనకండి. మెచ్చుకుంటున్నామనుకుని చాలామంది అనేస్తారు గానీ, అందులో గట్టిగా నాలుగు మాటలు అనలేనివాడన్న జాలి ఉంది. కష్టంలో అందరికీ అక్కరకొచ్చారు కనుక ‘ఆఫీసులో అందరికీ తలలో నాలుకలా మెలిగారు’ అనండి, చక్కగా అతుకుతుంది.

బిల్లుల సంగతికొస్తే ఆయన నిక్కచ్చి మనిషి. ముక్కుసూటి మనిషి అంటే ఉన్నమాట మొహం మీద అనేసేవారు. అంతగా మాట్లాడని ఆయనకు అది నప్పదు. మొండి అసలే వద్దు, తప్పని తెలిసినా దిగిరానివాడే మొండి. డబ్బు సాయానికి ‘ఎముక లేని చెయ్యి’ అనబుద్ధేస్తుంది. కానీ అది అడిగినవారికల్లా ఇచ్చేసే చెయ్యి. రూపాయి లెక్క చూసే మనిషికి ‘గుట్టుగా ఆదుకునేవారు’ అంటే చాలు.

మా స్కూల్లో ఒక లెక్కల మాస్టారి పదవీ విరమణ నాడు వరసగా అందరం ‘మృదుస్వభావి’ అన్నాం. ఆయన కేకలకు వరండా దద్దరిల్లేదని పిల్లలందరికీ తెలుసు. చివర్లో అటెండర్ లేచి, ‘సారు ముక్కోపి. పొద్దున తిడితే సాయంత్రానికి మర్చిపోతారు. మా పాప పరీక్ష ఫీజు కట్టింది ఈ సారే’ అని కూర్చున్నాడు. మాస్టారు జేబు రుమాలు తీసింది అప్పుడే. మీరు కూడా ఒక్కో మాట పక్కన మీకు తెలిసిన ఒక్కో సంఘటన పెట్టండి.

నిఘంటువుల్లో బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మీకు బాగా పనికొస్తుంది. జనం నోట్లో నలిగే మాటలను కూడా ఆయన వదల్లేదు. 1885 నాటి శబ్దరత్నాకరం కావ్యాలు చదివేటప్పుడు దగ్గర ఉండాల్సిన పుస్తకం. ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ ఎంతో దూరం కాదు. 1901లో పుట్టిన గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది, ఒక పూట వెళ్లి కూర్చోండి.

ప్రశ్న: మొహమాటస్తుడికి స్త్రీలింగం మొహమాటస్తురాలు. మరి తిండిపోతుకు?
– పోటీ పరీక్షల విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తిండిపోతే, మారదు. తగవులమారి, మాటకారి, లంచగొండి, చాడీకోరు, పిసినారి కూడా ఆడా మగా ఇద్దరికీ ఒకటే. ‘-స్తుడు’, ‘-మంతుడు’ చివర ఉంటే ‘-స్తురాలు’, ‘-మంతురాలు’ అవుతాయి: బద్ధకస్తురాలు, బుద్ధిమంతురాలు. ‘-కాడు’ ఉన్నవాటిలో కొన్నింటికి ‘-కత్తె’ వస్తుంది: సొగసుకాడు, సొగసుకత్తె.

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యి ఉప్పల్ వచ్చాను, అత్తగారివాళ్లది కరీంనగర్ వైపు. మొన్న ఫంక్షన్లో చుట్టాలకు నన్ను చూపిస్తూ అత్తమ్మ ‘మా కోడలు మస్తు హుషారు, జర జిద్దు ఎక్కువ’ అన్నారు. అందరూ నవ్వారు. నన్ను మెచ్చుకున్నట్టా, తప్పుపట్టినట్టా?
– ఒక కోడలు, ఉప్పల్

జవాబు: మెచ్చుకున్నట్టేనమ్మా. మీ వైపు హుషారంటే ఉత్సాహం, సందడి. ఇక్కడ హుషారు పిల్ల అంటే తెలివైనది, చెప్పకముందే పని అందుకునేది. ఇది ఉర్దూ హోషియార్ నుంచి వచ్చిన మాట. జిద్దు అంటే పట్టుదల, కాస్త మంకుపట్టు. దానికి ముందు ‘జర’ పెట్టారు చూశారా, కొంచెమే అని తగ్గించి చెప్పారు. నిజంగా కోపముంటే నలుగురి ముందు హుషారని మొదలుపెట్టరు. ఎప్పుడైనా ‘ఎడ్డి పిల్ల’ అన్నా మనసు కష్టపెట్టుకోకండి. తెలివితక్కువదని అర్థమే అయినా, ఇంట్లో పెద్దవాళ్లు ముద్దుగా కూడా అంటుంటారు, గొంతును బట్టి తెలిసిపోతుంది. మీ అమ్మగారికి ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం ‘అత్తయ్య నన్ను తెలివైనదాన్నని అందరికీ చెప్పారు’ అనే చెప్పండి.