రక్తం ఆగిందని సంబరపడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

చిగుళ్ల వైద్యం పూర్తయిందని, రక్తం రావడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. పన్నెండేళ్ల కిందట నేనూ ఇదే మాట ఊరంతా చెప్పుకుని, మళ్లీ డాక్టరు గడప తొక్కలేదు. మూడేళ్లకు కింది దవడలో రెండు పళ్లు పోయాయి. తేగలు కనబడినప్పుడల్లా గుర్తొస్తాయి.

వేసవిలో కాలువలు కట్టేసి పూడిక, గుర్రపుడెక్క తీస్తారు కదా. ఒక్క ఏడు తీయకపోతే ఏమవుతుందో శివారు పొలం ఉన్న నీకు చెప్పాలా? చిగురు కింద పాచికి ఏడాది కూడా అక్కర్లేదు, కొన్ని వారాలు చాలు. అందుకే మూడు నెలలకోసారి రమ్మంటారు. నీకు షుగరు ఉంది కాబట్టి, మూడు నెలల సగటు చూసే రక్తపరీక్ష రోజునే పళ్ల డాక్టరు దగ్గరికీ వెళ్లు. పాలకొల్లుకు ఒకే బస్సు ఛార్జీ. షుగరు పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్ల వాపు షుగరును ఎగదోస్తుంది.

మెత్తటి బ్రష్షును పన్నూ చిగురూ కలిసే అంచున ఏటవాలుగా ఆనించి చిన్నగా కదుపు. అంట్లు తోమినట్టు తోమకు. అసలు పని రాత్రి భోజనం తర్వాత. పళ్ల సందుల్లో దూర్చే బుల్లి బ్రష్షులుంటాయి, అచ్చం సీసాలు కడిగే బ్రష్షుకు పిల్లల్లా. ఏ సందుకు ఏ సైజో డాక్టరునే అడుగు. నాలుగైదుసార్లు అటూ ఇటూ ఆడించి, తీసి వాసన చూడు. నవ్వకు. కంపు కొట్టిన సందే నువ్వు ఎగ్గొడుతున్న సందు. అక్కడ కాస్త రక్తం వచ్చినా వదలకు, వారం పది రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే, చీము కనబడితే, పన్ను కదిలితే మూడు నెలలు ఆగకు. చీపురుపుల్ల మాత్రం నోటి దాకా రానివ్వకు.

క్లీనింగుతో పళ్లు అరిగి సందులు పడ్డాయని అరుగు మీద వాళ్లు అంటారు. వాపు దిగి, దాగున్న వేరు బయటపడింది, అంతే. చల్లటివి జివ్వుమంటే అందుకు తగిన పేస్టు అడుగు. పుక్కిలించే మందు చెప్పినన్ని రోజులే వాడు, ఎక్కువైతే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి.

నీ సిగరెట్టు సంగతి మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు. పొగ తాగేవాళ్ల చిగుళ్లకు జబ్బున్నా రక్తం అంతగా కనబడదు. కాబట్టి నీ సంబరం డాక్టరు పన్నుకూ చిగురుకూ మధ్య లోతు కొలిచి చెప్పేదాకా దాచుకో.

వచ్చేటప్పుడు ఆ బుల్లి బ్రష్షులు నాకూ రెండు ప్యాకెట్లు తీసుకురా. ఇక్కడి మందుల షాపులో సన్నవి దొరకడం లేదు.

మావయ్య