‘ఎప్పుడైనా తగిలించావా?’ అని ఫారం అడిగితే

డ్రైవర్ల ప్రశ్నలు, జవాబులు

జవాబులు ఇస్తున్నది 22 ఏళ్లు లారీ నడిపి, ఆ తర్వాత 9 ఏళ్లు నెల్లూరులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో డ్రైవర్లను పనిలోకి తీసుకున్న కోవూరు పెద్దాయన.

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. వయసు 29. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ క్వారీలో నాలుగేళ్లుగా టిప్పర్ నడుపుతున్నాను. కృష్ణపట్నం పోర్టుకు ట్రైలర్లు తిప్పే కంపెనీలో డ్రైవర్లు కావాలంటే అప్లికేషన్ తెచ్చుకున్నాను. అందులో ‘గత 3 సంవత్సరాలలో ప్రమాదాలు, సేఫ్టీ ఇన్సిడెంట్లు ఏమైనా ఉంటే వివరాలు’ అని రాసి కింద నాలుగు గీతలు ఖాళీ వదిలారు. నాకు రెండున్నాయి. నిరుడు యార్డులో రివర్స్ చేస్తూ లైటు స్తంభానికి తగిలించాను. బంపరు వంగింది, స్తంభం కాస్త ఒరిగింది. అంతకు ముందు ఏడాది వానలో క్యాబిన్ దిగుతూ మెట్టు మీద కాలు జారి మడమ బెణికింది. నాలుగు రోజులు పనికి పోలేదు. రెండూ అక్కడి రిజిస్టర్లో ఎక్కాయి. పోలీసు కేసు లేదు. మా గుమస్తా ‘లేవు అని కొట్టెయ్‌రా, ఎవడు చూడొచ్చాడు’ అంటున్నాడు. మా బావేమో ‘అన్నీ రాయి, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడింది కూడా రాయి’ అని ఎగతాళి చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం రాయమంటారు?

జవాబు: అబ్బాయా, ముందు నా రేకు సంగతి విను.

1997లో నెల్లూరు నుంచి మద్రాసుకు బియ్యం తోలేవాణ్ణి. ఆరు చక్రాల బండి. మన హైవే అప్పటికి నాలుగు లైన్లు కాలేదు. ఒకరోజు తెల్లారుజామున నాలుగింటికి నాయుడుపేట దారిలో ఒక మిల్లుకు లోడు కోసం పోయాను. క్లీనరు పిల్లోడు వెనక బాడీలో పట్టా కప్పుకుని నిద్రపోతున్నాడు. రాత్రంతా నాతోపాటు మేలుకున్నాడు, లేపడం ఎందుకులే అనుకుని నేనే అద్దంలో చూసుకుంటూ గోడౌన్ వైపు రివర్స్ వేశాను. ఎడమ వెనక మూల మనకు కనపడి చావదు కదా. బాడీ పై అంచు పోయి చూరు రేకుకు కొట్టుకుంది. సిమెంటు రేకు పగిలితే అప్పడం విరిగినట్టు ఉంటుంది చప్పుడు, కాకపోతే ఆ అప్పడం ఖరీదు నాకు 600 రూపాయలు పడింది. ఆ నెల బత్తాలో కోసుకున్నారు. పిల్లోడు మాత్రం ముక్కలు మీద పడ్డాక గానీ లేవలేదు.

ఆరు నెలల తర్వాత వేరే ఓనరు దగ్గర చేరాను. ‘ఎక్కడైనా తగిలించావా’ అని అడిగాడు. ‘ఇంతవరకు బండికి గీత పడలేదు సార్’ అన్నాను. చేరిన పదకొండో రోజున ఆ మిల్లుకే లోడు పడింది. పక్కన క్యాబిన్లో ఓనరు కూడా ఉన్నాడు. గేటు తీసిన వాచ్‌మన్ నన్ను చూసి, ‘అబ్బో, రేకుల దొర వచ్చాడే! ఈసారన్నా ఆ పిల్లోణ్ణి దించయ్యా!’ అని గట్టిగా నవ్వాడు. ఓనరు కూడా నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆపి, గ్లాసు చేతికిచ్చి, ‘రేకు సంగతి వదిలెయ్. ఇంకేం దాచావో చెప్పు’ అన్నాడు. ఇంకేం లేవు. ఆ మాట ఆయన నమ్మలేదు. ఆరు నెలలపాటు నాకు నైట్ ట్రిప్పు ఇవ్వలేదు.

కాబట్టి ‘ఎవడు చూడొచ్చాడు’ అనే మీ గుమస్తా మాట నమ్మొద్దు. చూడ్డానికి ఎవరూ రానక్కర్లేదు, ఫోన్ చేస్తే చాలు. నేను తొమ్మిదేళ్లు చేసిన పని అదే. పాత ఆఫీసుకు ఫోన్ చేసి, ‘మీ దగ్గర పలానా ఆయన నడిపాడంట, ఎట్టుండేది’ అని అడిగేవాణ్ణి. నీకు లేవని రాయమన్న ఈ గుమస్తానే రేపు ఫోన్ వస్తే రిజిస్టరు తెరిచి రెండూ తేదీలతో సహా చదువుతాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన ఉద్యోగం ఆయన కాపాడుకోవాలి. ఫోన్ చెయ్యకపోయినా నీ సంగతి తెలిసినవాడు టంగుటూరు టోల్‌గేటు దగ్గర టీ తాగుతూ ఎవడో ఒకడు ఉంటాడు.

ఇక నీ రెండు సంగతులు. నువ్వు రెండింటినీ ఒకటే గాట కట్టేశావు గానీ, అవి వేరు వేరు. నీ లెక్కలో స్తంభం పెద్దది, మడమ చిన్నది అయ్యుంటుంది. కాగితం మీద అది తిరగబడుతుంది. 1952 నాటి గనుల చట్టంలో, దెబ్బ తగిలిన మనిషి 72 గంటలు గానీ అంతకు మించి గానీ పనికి రాలేకపోతే దాన్ని లెక్క చెప్పాల్సిన గాయం కింద పెట్టారు. ఫ్యాక్టరీల చట్టంలో అది 48 గంటలుగా ఉండేది. నువ్వు నాలుగు రోజులు రాలేదు. అంటే నీ మడమ క్వారీ రిజిస్టర్లో ఊరికే ఎక్కలేదు, చట్టం అడిగింది కాబట్టి ఎక్కింది. కాగితం పుట్టిన దాన్ని లేదని రాయకూడదు. బంపరు అయితే మనిషికి తగల్లేదు, బయటివాళ్ల ఆస్తీ కాదు, రోడ్డూ కాదు. అది చిన్నదే. కానీ వాళ్ల ఫారంలో ‘ప్రమాదాలు’ అని ఆపకుండా ‘ఇన్సిడెంట్లు’ అని కూడా ఉంది కదా. అందుకని అది కూడా రాయాలి.

అదే ఫారంలో ‘రోడ్డు ప్రమాదాలు, పోలీసు కేసులు ఉన్నాయా’ అని మాత్రమే అడిగి ఉంటే ‘లేవు’ అని రాసేవాడివి, అది అబద్ధం కాదు. అడిగిన దానికే జవాబు. ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలిసినవాళ్ల చేత చదివించుకుని ఆ తర్వాతే పెన్ను తియ్యి. మీ బావ వెక్కిరింతలో కూడా కొంచెం నిజముంది. అడగనివన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి చూసినా నాకు అనుమానమే. ఒకాయన ఇంటర్వ్యూకు వచ్చి పంక్చర్లతో సహా ముప్పావు గంట చెప్పాడు. ఆ గోలలో అసలుది ఏదో తప్పించాడని నా అనుమానం.

నాలుగు గీతలున్నాయి కదా, నాలుగు గీతలే రాయి. ఇట్ట:

‘నిరుడు క్వారీ యార్డులో రివర్స్‌లో టిప్పర్ బంపరు లైటు స్తంభానికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పటి నుంచి కింద మనిషి లేకుండా రివర్స్ చెయ్యడం లేదు. అంతకు ముందు ఏడాది వానలో క్యాబిన్ దిగుతూ జారి మడమ బెణికింది, 4 రోజులు సెలవు, పూర్తిగా తగ్గింది. రెండింటికీ పోలీసు కేసు లేదు.’

నెలలు గుర్తుంటే అవి కూడా వెయ్యి. వాళ్లు రిజిస్టరుతో సరిచూస్తే కలవాలి. ‘లైటు సరిగా లేదు, సూపర్‌వైజరు తొందరపెట్టాడు’ అని మాత్రం ఫారంలో రాయకు. నిజమే అయ్యుండొచ్చు, క్వారీల్లో వెలుతురు సంగతి నాకు తెలియందా. ఎదురుగా కూర్చోబెట్టి అడిగినప్పుడు ఒక్క ముక్కలో చెప్పు, చాలు. ‘అప్పటి నుంచి కింద మనిషి లేకుండా’ అన్న మాట నిజమైతేనే రాయి. ఎందుకంటే టెస్టు డ్రైవింగులో నేనైతే ముందు రివర్సే వెయ్యమంటాను. క్లీనరు దిగి ‘రానీ రానీ’ అంటుంటే అద్దం చూస్తున్నావా, వాడు ‘హోల్డాన్’ అన్నాక నీ కాలు ఎంతసేపటికి బ్రేకు మీదికి పోయింది అని చూస్తాను. వాడు కనపడకుండా పోతే బండి ఆపుతావా, అద్దంలో వెతుక్కుంటూ పోతావా అన్నది కూడా.

మడమ ఎడమ కాలిదా? అయితే అది క్లచ్ కాలు. తగ్గిందని రాసేముందు నిజంగా తగ్గిందో లేదో చూసుకో. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఎట్టాగూ ఉండాలి, ఆ డాక్టరుకు కూడా చెప్పు. ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకు. ఆ రోజు కాళ్లకు ఏముంది, హవాయి చెప్పులేనా? మనవాళ్లు క్యాబిన్లోంచి బయటికి ముఖం పెట్టి బస్సు మెట్లు దిగినట్టు దిగుతారు, చివరి మెట్టు దూకేస్తారు. నిచ్చెన దిగినట్టు బండి వైపు తిరిగి, రెండు చేతులూ పట్టుకుని, ఒక్కో కాలూ కింద పెట్టాలి. పోర్టులో బూట్లు, హెల్మెట్, జాకెట్ లేకపోతే గేటు దగ్గరే ఆపుతారు కాబట్టి చెప్పుల బాధ నీకు అక్కడ తప్పుతుందిలే.

రాస్తే ఉద్యోగం పోతుందేమో అంటావు. పోవచ్చు. అట్టాంటి ఓనర్లు లేకపోలేదు. కానీ ఇంత చిన్నవాటిని చెప్పినందుకు నేను వెనక్కి పంపిన మనిషి ఒక్కడు కూడా గుర్తులేడు. పదేళ్లు నడిపి ‘ఒక్క గీత కూడా లేదు’ అనేవాళ్లను మాత్రం చాలామందిని కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. బుద్ధిగా నవ్వి, ‘ఒకటుంది సార్’ అనేవాళ్లు.

ఒక్క హద్దు మాత్రం గుర్తుపెట్టుకో. బయట మనిషికి దెబ్బ తగిలినా, ఇంకొకరి ఆస్తి పాడైనా అది ‘చిన్నది’ అనే మాటకు అందదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. అక్కడ పోలీసు లేకపోతే ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, ఎట్లా చూసినా 24 గంటల్లోపు స్టేషన్లో తెలపాలి. అలాంటిది దాస్తే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో ట్రక్కు నడుపుతున్నాడు. ఒక గోడౌన్ దగ్గర సామాను దించుతుండగా పెట్టె జారి వాడి వేలు నలిగింది. ఇప్పుడు కంపెనీ మారుతున్నాడు. అది యాక్సిడెంటు కింద రాయాలా అని వాడికీ మాకూ సందేహం. (నెల్లూరు నుంచి ఒక అక్క)

జవాబు: అమ్మా, ఆ దేశం సంగతి నాకు చేతకాదు గానీ మా మేనల్లుడు అక్కడ ఇదే లైనులో ఉన్నాడు. వాడి చేత రూల్సు చదివించుకుని చెప్తున్నాను. రాష్ట్రాలు దాటి తిరిగే పెద్ద ట్రక్కులకు ఫెడరల్ నిబంధనలున్నాయి. దరఖాస్తులో గత 3 ఏళ్లలో జరిగిన బండి యాక్సిడెంట్లన్నీ తేదీతో రాయాలి. కొత్త కంపెనీ కూడా గత 3 ఏళ్లలో పనిచేసిన చోట్ల వాకబు చెయ్యాలి. అక్కడ లెక్కకు వచ్చే యాక్సిడెంటు అంటే మనిషి పోవడం, దెబ్బ తగిలి అక్కణ్ణుంచి వెంటనే తీసుకుపోయి వైద్యం చేయించాల్సి రావడం, బండి నడవలేక లాక్కుపోవాల్సి రావడం. ఆగి ఉన్న బండి ఎక్కుతూ దిగుతూ జరిగినవి, సామాను ఎత్తుతూ దించుతూ మాత్రమే జరిగినవి అందులోకి రావు. ఆ లెక్కన మీ తమ్ముడి వేలు రాదు. కానీ కంపెనీ తన సొంత ఫారంలో పనిలో తగిలిన దెబ్బలు అని వేరే అడిగితే చెప్పాల్సిందే. పాత కంపెనీ తప్పుగా రాసి పంపితే అది చూసుకుని సరిచెయ్యమని అడిగే హక్కు డ్రైవరుకు ఉందట. ఈ ఒక్క ముక్క మాత్రం మనకు కూడా ఉంటే బాగుండేది.

ప్రశ్న: మా ఆయన సింగరాయకొండలో ఒకరి లారీ నడుపుతారు. అద్దం పగిలినా, డాలా సొట్ట పడినా అడగకుండానే జీతంలో కోస్తారు. అందుకని ఈయన చిన్నవేమీ ఓనరుకు చెప్పరు. చెప్పమంటే నా మీద కోప్పడతారు. (పేరు వద్దన్నారు)

జవాబు: మీ ఆయన కోపం నాకు అర్థమవుతుందమ్మా. నా 600 ఇంకా గుర్తుందంటే చూడండి. కోతకు కూడా పద్ధతి ఉంది. డ్రైవరు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని తేలాలి, కోసేముందు అతని మాట వినాలి, నష్టం ఎంతో అంతకు మించి కొయ్యకూడదు. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం నుంచీ ఉన్న మాటే ఇది. ఓనరుతో గొడవకు పొమ్మని నేను చెప్పను. ఒక చిన్న నోటుబుక్కు కొని బండిలో పెట్టమనండి. ఏది తగిలినా ఆ రోజే తేదీ, చోటు, ఎట్లా తగిలింది, ఎంత కోశారు అని రెండు లైన్లు రాసి ఫోనులో ఫొటో తీసుకోమనండి. ఓనరుకు మీ ఆయనే ముందు చెప్తే కోతలో బేరానికి చోటుంటుంది. గ్యారేజీవాడు చెప్తే ఉండదు. మీరు మాత్రం ‘చెప్పండి, చెప్పండి’ అని రోజూ అడక్కండి. పుస్తకం మీరే కొని, డ్యాష్‌బోర్డు మీద పెట్టి, పెన్నుకు దారం కట్టండి. లారీలో పెన్ను రెండో రోజుకు ఉండదు.