ఐవీఏ పూర్తయ్యాక కూడా సీసీజే బాకీగానే కనిపిస్తుంటే

బ్రదర్, ఇంగ్లండ్‌లో మీ మీద 2020 ఆగస్టులో సీసీజే (అప్పు కట్టలేదని కౌంటీ కోర్టు ఇచ్చే తీర్పు) పడింది, నవంబరులో ఐవీఏ (అప్పులిచ్చినవాళ్లతో ఒప్పందం చేసుకుని విడతలుగా కట్టే చట్టబద్ధమైన ఏర్పాటు) మొదలైంది, ఐదేళ్లూ కట్టి ముగించినా క్రెడిట్ రిపోర్టులో ఆ తీర్పు ఇంకా బాకీగానే ఉంది అన్నారు. అన్నేళ్లు కడుపు కట్టుకుని కట్టాక అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ సరిచేయించుకోవచ్చు.

ముందు మీ ఐవీఏని నడిపిన సూపర్‌వైజర్ దగ్గర, అది పూర్తయిందని చెప్పే కంప్లీషన్ సర్టిఫికెట్ తీసుకోండి. దాంతోపాటు ఆ సీసీజే అప్పు ఐవీఏలో కలిసిందని చూపించే అప్పులవాళ్ల జాబితా కూడా అడగండి, ఇది ముఖ్యం. ఒట్టి సర్టిఫికెట్ పంపితే ఏ అప్పు తీరిందో క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సంస్థలకి ఎలా తెలుస్తుంది? రెండింటి కాపీలూ ఆ సంస్థలైన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడింటికీ విడివిడిగా పంపి, ‘శాటిస్ఫైడ్’ (బాకీ తీరింది) అని మార్చమనండి. తీర్పు ఇచ్చిన కోర్టుకి ఎన్443 ఫారంతో దరఖాస్తు పెట్టే దారి కూడా ఉంది.

పూర్తిగా చెరిపేస్తారని మాత్రం ఆశపడకండి. అప్పు కట్టి చెరిపించుకునే అవకాశం తీర్పు వచ్చిన నెలలోపు మొత్తం కట్టినవాళ్లకే. మిగతావాళ్లకి ఆరేళ్లు ఉంటుంది, అదీ తీర్పు తేదీ నుంచి లెక్క, ఐవీఏ ముగిసిన రోజు నుంచి కాదు. కాబట్టి మీ సీసీజే 2026 ఆగస్టులో, ఐవీఏ నమోదు నవంబరులో పోతాయి. డబ్బిస్తే ముందే తీయిస్తామనేవాళ్లకి ఒక్క పౌండు కూడా ఇవ్వకండి.