ఆఫ్రికా పురుగుల పేర్లు తేల్చితే కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. ఆఫ్రికా లాంగ్‌హార్న్ బీటిల్స్, అంటే పొడవాటి మీసాల పెంకు పురుగుల ఫొటోలూ పాత వర్ణనలూ ముందేసుకుని, ఏది ఏ జాతో తేల్చడమే పనిగా పెట్టుకుంది. ఇందులో బతుకుతెరువు ఉందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉందండీ. కాకపోతే ‘ఆఫ్రికా లాంగ్‌హార్న్ నిపుణులు కావలెను’ అని నోటిఫికేషన్ మాత్రం ఏనాటికీ పడదు. ఉద్యోగం ఎంటమాలజీలో, అంటే కీటక శాస్త్రంలో వెతుక్కోవాలి. ఈ పిచ్చి అక్కడ అక్కరకొస్తుంది.

ఇది ఫొటో చూసి పేరు చెప్పే పని కాదు. స్టెఫాన్ బ్రాయ్‌నింగ్ అనే కీటక శాస్త్రవేత్త ఒక్కరే ఈ కుటుంబంలో 7 వేలకు పైగా పేర్లు పెట్టారు. చాలావాటికి బొమ్మ లేదు. ఫలానా జాతిలాగే ఉంటుంది, మచ్చలు వేరు అన్నట్టు నాలుగు ముక్కల్లో సరిపెట్టారు. ఆ మచ్చలేమో సన్నని నూగుతో ఏర్పడేవి. పాత నమూనాలో నూగు రాలిపోతే మచ్చా పోతుంది! మగవాటికి మీసాలు మరీ పొడవు కాబట్టి ఆడా మగా వేర్వేరు జాతులని పొరబడే వీలూ ఉంది. చివరికి తీర్పు చెప్పేది మొదట పేరు పెట్టినప్పటి ‘టైప్’ నమూనాయే. కాంగో పురుగులైతే చాలావరకు బెల్జియంలోని టెర్వురెన్ మ్యూజియంలో, మిగతావి పారిస్, లండన్‌లలో వెతకాలి.

పేర్లూ మారతాయి. ఆఫ్రికా కాఫీ కాండాన్ని తొలిచే పురుగుకు 1869లో పాస్కో అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరు ఆంథోరెస్ ల్యూకోనోటస్. ఇప్పుడది మోనోకామస్ ల్యూకోనోటస్. కొత్త పేరుతోనే వెతికితే పాత సమాచారం కంటబడదు.

ఇక దారి. ఎమ్మెస్సీ జువాలజీ, ఆపై పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే నెట్-జేఆర్‌ఎఫ్ పరీక్ష, పీహెచ్‌డీ. పీహెచ్‌డీకి మాత్రం మన పురుగులనే తీసుకోమనండి. మామిడి కాండం తొలిచే బాటోసెరా, అరకు రైతును ఏడిపించే కాఫీ తెల్ల కాండం తొలుచు పురుగు, రెండూ లాంగ్‌హార్న్‌లే. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ (వ్యవసాయ కీటకాల జాతీయ పరిశోధన సంస్థ) లాంటిచోట్ల ఈ నేర్పుకు విలువుంది. శాశ్వత పోస్టులు తక్కువే, కొన్నేళ్లు ప్రాజెక్టు ఫెలోగా గడపాల్సి రావచ్చు. ఆ మాట దాచను.

పాత వర్ణనల కోసం ఫ్రెంచ్, మాట్లాడటం రాకపోయినా చదివి అర్థం చేసుకునేంత నేర్చుకోవాలి. పాత పుస్తకాలు చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఈ వేసవిలో ఒక్క పురుగు తీసుకుని, ‘ఇది పక్క జాతి ఎందుకు కాదు’ అని ఒక పేజీ రాయమనండి. పీహెచ్‌డీ గైడ్‌కు రాసే మొదటి ఉత్తరానికి అదే జత చేయొచ్చు.