అంబులెన్స్ నుంచి ఐసీయూ నర్సింగ్‌కి: ఏది పనికొస్తుంది, ఏది అడ్డొస్తుంది

పారామెడిక్‌గా చేస్తున్నాను, ఐసీయూ నర్సుగా నేరుగా చేరొచ్చా అని అడిగారు. కుదరదండీ. ఎంత అనుభవమున్నా పారామెడిక్ సర్టిఫికెట్‌తో నర్సుగా రిజిస్టర్ చేయరు. నర్సింగ్ చదివి తీరాలి. పారామెడిక్‌లకి కొన్నిచోట్ల బ్రిడ్జ్ కోర్సులున్నాయి. అది చదివితే రిజిస్ట్రేషన్ ఇస్తారో లేదో కాలేజీని కాదు, నర్సింగ్ కౌన్సిల్‌ని అడిగాకే ఫీజు కట్టండి.

రిజిస్టరయ్యాక చాలామంది అలవాటైన పని కదా అని ఎమర్జెన్సీలో చేరతారు. లక్ష్యం ఐసీయూ అయితే, పక్కన సీనియర్‌ని పెట్టి నేర్పించే ఐసీయూలోనే మొదలుపెట్టడం మేలు.

ఎయిర్‌వే, ఈసీజీ, సీపీఆర్, కంగారు పడకపోవడం మీకు ఎలాగూ ఉన్నాయి. చిక్కంతా ఓపిక దగ్గర. అంబులెన్స్‌లో ప్రోటోకాల్ చూసి మందిచ్చి, పేషెంటుని అప్పగించి వచ్చేస్తారు. ఐసీయూలో డాక్టర్ ఆర్డర్ ఉండాలి, షిఫ్టంతా ఆ మనిషినే కనిపెట్టుకుని ఉండాలి. బీపీ బాగానే ఉన్నా యూరిన్ గంటకి కిలోకి 0.5 మి.లీ. కంటే తగ్గిపోతుంటే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ముందు నార్ఎడ్రినలిన్ (పడిపోయిన బీపీని పెంచే మందు) లెక్క పట్టుకోండి. 4 మి.గ్రా. మందు మొత్తం 50 మి.లీ. అయ్యేలా కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ అంటే నిమిషానికి 6, గంటకి 360. దాన్ని 80తో భాగిస్తే సిరంజి పంపు వేగం గంటకి 4.5 మి.లీ.

అంత నెమ్మదిగా నడిచేటప్పుడు కొత్త సిరంజి పెట్టగానే మందు కదలదు. పంపులో, ప్లంజర్ (సిరంజిలో మందుని తోసే కడ్డీ) దగ్గర ఉన్న వదులు తీరేదాకా ఏమీ వెళ్లదు, ఈలోగా బీపీ పడిపోతుంది. అందుకే పాతది అయిపోకముందే కొత్తది రెండో పంపులో ఎక్కించి, పేషెంటుకి కలపకముందే లైన్ చివర చుక్క వచ్చేదాకా నడిపించాలి. మార్చే పద్ధతి మీ యూనిట్‌లో ఏముందో అదే పాటించండి. ఇంకోటి, ఆ లైన్‌లో వేరే ఇంజెక్షన్ తోయొద్దు. ట్యూబులో ఉన్న నార్ఎడ్రినలిన్ ఒక్కసారిగా లోపలికెళ్లి బీపీ ఎగిరిపోతుంది. అంబులెన్స్‌లో దొరికిన లైన్‌లో ఇచ్చేసే చెయ్యి ఇక్కడే తప్పు చేస్తుంది.

ఆర్టీరియల్ లైన్ (బీపీ ఎప్పటికప్పుడు చూసేందుకు ధమనిలో పెట్టే గొట్టం) ఉంటే దాని ట్రాన్స్‌డ్యూసర్ (ప్రెషర్ కొలిచే సెన్సర్) గుండె ఎత్తులో, అంటే నాలుగో పక్కటెముకల సందు దగ్గర, చంక మధ్య గీత మీద ఉండాలి. 10 సెం.మీ. కిందుంటే ప్రెషర్ దాదాపు 7 mmHg ఎక్కువ చూపిస్తుంది. స్క్రీన్ మీద మీన్ (సగటు బీపీ) 65 కనిపిస్తున్నా అసలు ఉన్నది 58. ట్రాన్స్‌డ్యూసర్ స్టాండ్‌కి బిగించి ఉంటే, మంచం లేపినా దించినా మళ్లీ లెవెల్ చూడండి.