మొక్క ఉందా అని కాదు, కోస్తున్నారా అని అడుగు

చిరంజీవి అమ్మాయికి,

గని పక్క ఆదివాసీ గ్రామాల్లో మందుమొక్కల సర్వేకు వెళ్తున్నానని రాశావు. సంతోషం. పేర్ల పట్టిక ఒక్కటే పట్టుకుని వెళ్లకు. నేను మొదటిసారి ఆ పొరపాటే చేశాను. మడుగు ఒడ్డున వస కనిపించగానే ‘ఉంది’ అని రాసుకున్నాను. వెంట వచ్చిన పెద్దావిడ దాన్ని ముట్టుకోలేదు. లారీల దారి పడినప్పటి నుంచి అక్కడ తవ్వడం మానేశామని చెప్పింది. నా నివేదికలో మాత్రం ఆ మొక్క క్షేమంగా ఉంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే ముందు ఇది అడుగు: ఏ మొక్కను, ఎక్కడ, ఎప్పటి నుంచి తీసుకోవడం మానేశారు? వాసన మారిందా, ఆకుల మీద దుమ్మా, దారికి గేటు పడిందా? వాళ్ల మాటల్లోనే రాసుకో. ‘ఉత్త భయం’ అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. కానీ పెద్దలు కోయడం మానేస్తే పిల్లలు ఆ మొక్కను గుర్తుపట్టడమే నేర్చుకోరు.

నమూనాగా మందుకు వాడే భాగాన్నే తీసుకో. ఆకు మీద పడిన దుమ్ము కడిగితే కొంత పోతుంది, వేరులోకి ఎక్కిన కాడ్మియం లాంటి విషలోహం పోదు. కాబట్టి సగాన్ని ఊరివాళ్లు కడిగినట్టే కడిగి, మిగతా సగాన్ని కడగకుండా పరీక్షకు పంపు. వస బురదలో పెరుగుతుంది కనుక ఆ బురదనూ పంపు. గనికి దూరంగా, అలాంటి నేలలోనే, అదే రుతువులో మరో నమూనా తీయకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. మందుమొక్కలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి కిలోకు సీసం 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3. ఫలితం అంతకు తక్కువ వచ్చిందని ఊరుకోకు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరికి ఇస్తారో కూడా తెలుసుకో.

ప్రయోగశాల చెప్పలేనిది నీరు. గనిలోకి ఊరే నీటిని తోడేస్తూ ఉంటే చుట్టూ భూగర్భజలం దిగిపోతుంది, చిత్తడి ఎండిపోతుంది. విషం అంటకుండానే మొక్క మాయమవుతుంది. మడుగు పూర్వం ఎంతవరకు ఉండేదో ముసలివాళ్లను నడిపించి చూపించమను.

2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన, 24వ అధికరణంలో, మందుమొక్కల పరిరక్షణను వాళ్ల హక్కుగా చెప్పింది. గనివాళ్లతో మాట్లాడే రోజున ఆ అధికరణం ప్రతి ఊరివాళ్ల చేతిలో ఉండాలి. ఫలితాలు ముందు వాళ్లకే చెప్పు. మొక్కలున్న చోట్ల పటం బయట పెట్టకు, వ్యాపారులు వచ్చి వేళ్లతో సహా పెకలించుకుపోతారు.

నమూనాలకు కాగితం సంచులు తీసుకెళ్లు. ప్లాస్టిక్‌లో పచ్చి ఆకు బూజు పడుతుంది.