టెక్ సందేహాలు: ఐఐఎస్ కంటే ముందే హోస్టింగ్ బండిల్ ఇన్‌స్టాల్ చేస్తే వచ్చే 500.19 ఎర్రర్

ప్రశ్న: కొత్త విండోస్ సర్వర్‌లో ముందుగా ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ హోస్టింగ్ బండిల్‌ను ఇన్‌స్టాల్ చేశాను. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్ లేదన్న సంగతి ఆ తర్వాత గమనించి, సర్వర్ మేనేజర్‌లోకి వెళ్లి దాన్ని చేర్చాను. రెండూ ఏ అభ్యంతరం లేకుండా పూర్తయ్యాయి. తీరా మా అప్లికేషన్‌ను తెరిస్తే ‘హెచ్‌టీటీపీ ఎర్రర్ 500.19’ వస్తోంది. దాని కింద 0ఎక్స్8007000డి అనే కోడ్ ఉంది. వెబ్ డాట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్‌లో ఏదో తప్పుందన్నట్టుగా ఆ పేజీ చెబుతోంది, కానీ అదే ఫైల్ పాత సర్వర్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. మొత్తం తుడిచేసి విండోస్‌తో సహా మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు: ఏదీ తుడిచేయనక్కర్లేదు. హోస్టింగ్ బండిల్ ఇన్‌స్టాలర్‌ను మరోసారి తెరిచి, అందులో కనిపించే ‘రిపేర్’ ఎంచుకుని, అది పూర్తయ్యాక ఐఐఎస్ సర్వీసులను ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ముందు బండిల్, తర్వాత ఐఐఎస్ అన్న వరుసలో ఇన్‌స్టాల్ చేసినవారు బండిల్‌ను తప్పనిసరిగా రిపేర్ చేయాలని మైక్రోసాఫ్ట్ కూడా తన సూచనల్లో చెబుతోంది. అయితే ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే ఇదే కోడ్ మరో కారణంతో వచ్చినప్పుడు తికమకపడరు కాబట్టి, కాస్త వివరంగానే చెబుతాను.

హోస్టింగ్ బండిల్ అనేది ఒకే వస్తువు కాదు. డాట్‌నెట్ రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌లను నడిపించే భాగం), ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ రన్‌టైమ్, ఐఐఎస్‌కు మీ అప్లికేషన్‌కు మధ్య వారధిగా ఉండే ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ మాడ్యూల్ అనే మూడూ అందులో ఉంటాయి. మొదటి రెండింటికీ ఐఐఎస్‌తో పనిలేదు, అది లేని కంప్యూటర్‌లోనూ అవి నిక్షేపంగా పనిచేస్తాయి. మూడోది మాత్రం ఐఐఎస్‌లో కూర్చోవాల్సినది. ఇన్‌స్టాలర్ నడిచిన ఆ కాసేపట్లో ఐఐఎస్ కనబడకపోతే మాడ్యూల్‌ను కూర్చోబెట్టడానికి చోటే ఉండదు. ఇల్లు కట్టకముందే వచ్చిన కరెంటు మనిషి తీగచుట్టను వాకిట్లో దించి వెళ్లిపోయినట్టుగా, ఇన్‌స్టాలర్ రన్‌టైమ్‌లను దించేసి ‘విజయవంతం’ అని చెప్పి తప్పుకుంటుంది. తర్వాత మీరు ఐఐఎస్‌ను చేర్చినా, ఆ సంగతి పాత ఇన్‌స్టాలర్‌కు తెలిసే మార్గం లేదు. వెబ్ చిరునామాలను మార్చే యూఆర్‌ఎల్ రీరైట్ అనే మరో ఐఐఎస్ మాడ్యూల్ ఇన్‌స్టాలర్ ఈ విషయంలో నయం. ఐఐఎస్ లేకపోతే అది ముందుకు కదలనే కదలదు. మొహమాటం లేకుండా ఆగిపోయే ఇన్‌స్టాలర్ కంటే, సగం పని చేసి అంతా అయిందనే ఇన్‌స్టాలర్ వల్లనే మనకు ఎక్కువ సమయం వృథా అవుతుందని నా అభిప్రాయం.

ఇక ఎర్రర్ పేజీ మీ ఫైల్‌ను ఎందుకు నిందిస్తోందో చూద్దాం. ఐఐఎస్ తన సెట్టింగులను పై నుంచి కిందికి చదువుతుంది. అన్నిటికీ పైన అప్లికేషన్‌హోస్ట్ డాట్ కాన్ఫిగ్ అనే ఫైల్ ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో, ఐనెట్‌ఎస్‌ఆర్‌వీ అనే ఫోల్డర్ కింద ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్‌లో అది దొరుకుతుంది. మీ సైట్‌లోని వెబ్ డాట్ కాన్ఫిగ్ దాని తర్వాతే వస్తుంది. కింది ఫైల్‌లో ఏ సెక్షన్ రాయాలన్నా, ఆ సెక్షన్ పేరు పై ఫైల్‌లో ముందుగా నమోదై ఉండాలి. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ అప్లికేషన్‌ను పబ్లిష్ చేసినప్పుడు తయారయ్యే వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో ‘ఏఎస్‌పీనెట్‌కోర్’ అనే సెక్షన్ ఉంటుంది. ఆ పేరును పైన నమోదు చేయడం, మాడ్యూల్‌ను జాబితాలో చేర్చడం, ఆ సెక్షన్‌లో ఏయే మాటలు ఉండవచ్చో తెలిపే స్కీమా ఫైల్‌ను పెట్టడం హోస్టింగ్ బండిల్ చేయాల్సిన పనులు. మీ సర్వర్‌లో అవేవీ జరగలేదు. కాబట్టి ఐఐఎస్‌కు ఆ సెక్షన్ అర్థంకాని రాతగా కనిపించింది, ‘డేటా చెల్లదు’ అనే అర్థమున్న 0ఎక్స్8007000డి కోడ్‌ను ఇచ్చింది. తప్పు దొరికిన చోటు మీ ఫైల్ అయినా, లోటు ఉన్నది పై ఫైల్‌లో.

ఎర్రర్ పేజీలోనే దీనికి ఒక ఆనవాలు ఉంటుంది. పేజీ అడుగున ‘కాన్ఫిగ్ సోర్స్’ అనే పెట్టెను చూడండి. వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో నిజంగానే ఒక ట్యాగ్ మూయకపోవడం వంటి పొరపాటు ఉంటే, సాధారణంగా ఆ వరుస సంఖ్య, దాని చుట్టుపక్కల వరుసలు అక్కడ కనిపిస్తాయి. మాడ్యూల్ లేని సందర్భంలో మాత్రం చాలాసార్లు మైనస్ 1, 0 అనే రెండు వరుస సంఖ్యలు, వాటి పక్కన ఖాళీ తప్ప మరేమీ ఉండదు. ఈ వివరాల పేజీ సర్వర్‌లోనే బ్రౌజర్ తెరిచి చూస్తేనే కనిపిస్తుంది. బయటి కంప్యూటర్ నుంచి చూస్తే 500 అన్న పొడి సందేశమే వస్తుంది.

రిపేర్ చేసేముందు నిర్ధారించుకోవాలనుకుంటే ఐఐఎస్ మేనేజర్ తెరిచి, ఎడమవైపు సైట్ పేరును కాకుండా అన్నిటికీ పైనున్న సర్వర్ పేరును ఎంచుకుని, ‘మాడ్యూల్స్’ అనే గుర్తుపై రెండుసార్లు నొక్కండి. ఆ జాబితాలో ‘ఏఎస్‌పీనెట్‌కోర్‌మాడ్యూల్‌వీ2’ అన్న పేరు లేకపోతే మనం అనుకున్న కారణమే నిజం. మరికొందరు పరీక్ష కోసం వెబ్ డాట్ కాన్ఫిగ్ పేరు మార్చి చూస్తుంటారు. జనం వాడుతున్న సైట్‌లో ఆ పని అసలు చేయవద్దు. ఆ ఫైల్ ఉన్నంతసేపూ అప్లికేషన్ ఫోల్డర్‌లోని అంతర్గత ఫైళ్లు బయటికి పోకుండా ఉంటాయి, అది తొలగిన క్షణం నుంచి ఐఐఎస్ వాటిని మామూలు ఫైళ్లలాగా అడిగినవారికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. ఐఐఎస్ ఆరోగ్యంగా ఉందో లేదో చూడటానికి అంత సాహసం అక్కర్లేదు, డిఫాల్ట్ సైట్ నడుస్తుంటే బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని టైప్ చేసి స్వాగత పేజీ వస్తోందో లేదో చూస్తే చాలు.

ఇప్పుడు రిపేర్ సంగతి. ముందుగా ఐఐఎస్ సెట్టింగులను బ్యాకప్ తీసుకోండి. ఐనెట్‌ఎస్‌ఆర్‌వీ ఫోల్డర్‌లోని యాప్‌సీఎండీ అనే ప్రోగ్రామ్‌కు ‘యాడ్ బ్యాకప్’ అని, పక్కన మీకు నచ్చిన పేరు ఇస్తే ఆ పని క్షణంలో అవుతుంది. మీరు తీసుకోకపోయినా, ఐఐఎస్ తనంతట తాను పాత ప్రతులను ఐనెట్‌పబ్ ఫోల్డర్‌లోని హిస్టరీలో దాస్తుంది. మామూలు అమరికలో ప్రతి 2 నిమిషాలకోసారి మార్పుల కోసం చూసి, చివరి 10 ప్రతులను ఉంచుతుంది. తర్వాత హోస్టింగ్ బండిల్ ఇన్‌స్టాలర్‌ను నడపండి. పాత ఫైల్ పోగొట్టుకున్నట్టయితే, మీ అప్లికేషన్ ఏ ప్రధాన వెర్షన్‌కు రాసినదో అదే వెర్షన్ బండిల్‌ను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మళ్లీ దించుకోవచ్చు. అక్కడ ‘ఎస్‌డీకే’ (ప్రోగ్రామ్‌లు రాసేవారి పరికరాలు), ‘రన్‌టైమ్’, ‘హోస్టింగ్ బండిల్’ అని వేర్వేరుగా ఉంటాయి. మొదటి రెండింటినీ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా మాడ్యూల్ ఐఐఎస్‌లోకి రాదు.

రిపేర్ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, ‘నెట్ స్టాప్ వాస్’ అనే కమాండ్‌ను చివర స్లాష్, వై చేర్చి ఇవ్వండి. అది ఆగాక ‘నెట్ స్టార్ట్ డబ్ల్యూ3ఎస్‌వీసీ’ అని ఇవ్వండి. ఇన్‌స్టాలర్ సిస్టమ్ పాత్‌లో చేసిన మార్పు ఐఐఎస్‌కు తెలియాలంటే ఈ ఆపడం, మొదలుపెట్టడం అవసరం. ఆ కాసేపు సర్వర్‌లోని సైట్లన్నీ ఆగిపోతాయి కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోండి.

ఇంతా చేశాక కూడా అదే కోడ్ వస్తే, వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో ‘రీరైట్’ అనే సెక్షన్ ఉందేమో వెతకండి. పాత సర్వర్‌లో యూఆర్‌ఎల్ రీరైట్ ఉండి కొత్తదానిలో లేకపోతే అచ్చం ఇదే ఎర్రర్ వస్తుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది. ఒకవేళ 500.19 పోయి 500.30 లేదా 500.31 వచ్చిందంటే నిరాశపడవద్దు. మాడ్యూల్ పనిచేయడం మొదలుపెట్టి, మీ అప్లికేషన్‌ను లేపబోయి ఆగిందని దాని అర్థం. ఇక వెతకాల్సింది ఐఐఎస్‌లో కాదు, ఈవెంట్ వ్యూయర్‌లోని ‘అప్లికేషన్’ లాగ్‌లో.

పై ఫైల్‌ను స్వయంగా చూడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. 32 బిట్ ఎడిటర్‌తో సిస్టమ్32లోకి వెళితే, 64 బిట్ విండోస్ దాన్ని మౌనంగా సిస్‌వావ్64 ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. అప్లికేషన్‌హోస్ట్ డాట్ కాన్ఫిగ్ మాయమైపోయిందని కంగారుపడేవారిలో చాలామంది సమస్య ఇదే. విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూడండి.

పాత ఏఎస్‌పీ డాట్‌నెట్, అంటే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4 అప్లికేషన్లు నడిపేవారికి ఇదే తారుమారు వల్ల 500.21 అనే వేరే ఎర్రర్ వస్తుంది. హ్యాండ్లర్‌కు ‘బ్యాడ్ మాడ్యూల్’ ఉందని, ‘మేనేజ్డ్‌పైప్‌లైన్‌హ్యాండ్లర్’ అనే పేరుతో సందేశం కనిపిస్తుంది. విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 రోజుల్లో దీనికి ఏఎస్‌పీనెట్ రెగ్‌ఐఐఎస్ అనే ప్రోగ్రామ్‌ను ‘మైనస్ ఐ’తో నడపడమే మందు. నేటికీ అదే సలహా చాలాచోట్ల తిరుగుతోంది. విండోస్ 8, సర్వర్ 2012 నుంచి ఆ మందు పనిచేయదు, ఈ విండోస్‌లో ఆ సదుపాయం లేదనే సందేశమే వస్తుంది. విండోస్ ఫీచర్లలో ఐఐఎస్ కింద, ‘అప్లికేషన్ డెవలప్‌మెంట్’ విభాగంలో ఉన్న ఏఎస్‌పీ డాట్‌నెట్‌ను టిక్ చేయాలి.

ప్రశ్న: నాకూ 500.19 వస్తోంది, కానీ కోడ్ 0ఎక్స్80070021. హోస్టింగ్ బండిల్‌ను రిపేర్ చేసినా మార్పు లేదు.

జవాబు: ఉండదు. మీ సెక్షన్ పేరు ఐఐఎస్‌కు తెలుసు, కానీ దాన్ని కింది ఫైల్‌లో మార్చే అధికారం పై ఫైల్‌లో తాళం వేసి ఉందని ఈ కోడ్‌కు అర్థం. ఐఐఎస్ మేనేజర్‌లో సర్వర్ పేరు ఎంచుకుని ‘ఫీచర్ డెలిగేషన్’ తెరిచి, ఎర్రర్ పేజీ చూపిన సెక్షన్‌ను మాత్రమే ‘రీడ్/రైట్’గా మార్చండి. అది హ్యాండ్లర్స్ లేదా మాడ్యూల్స్ సెక్షన్ అయితే, ముందుగా పైన చెప్పిన ఏఎస్‌పీ డాట్‌నెట్ ఫీచర్ టిక్ అయి ఉందో లేదో చూడండి, చాలాసార్లు దానితోనే తాళం విడిపోతుంది. అప్లికేషన్‌హోస్ట్ ఫైల్‌లో ‘డినై’ అని ఉన్నచోటల్లా ‘అలౌ’ అని మార్చేయమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే పట్టించుకోవద్దు. లాగిన్ పద్ధతుల వంటి సెక్షన్లకు ఆ తాళాలు కారణం ఉండే వేశారు.

ప్రశ్న: ఉబుంటులో ముందు పీహెచ్‌పీ కోడ్‌ను నడిపించే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, తర్వాత అపాచీ వెబ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేశాను. పేజీ తెరిస్తే పీహెచ్‌పీ కోడ్ యథాతథంగా కనిపిస్తోంది. వరుస మార్చి మళ్లీ చేస్తే సరిపోతుందా?

జవాబు: ఇక్కడ వరుసది తప్పు కాదు. మీరు అపాచీని ముందు పెట్టినా ఇదే జరిగేది, ఎందుకంటే ఎఫ్‌పీఎం ప్యాకేజీ తనను తాను అపాచీకి కలుపుకోదు. అపాచీ అప్పటికే ఉన్న సర్వర్‌లో ఎఫ్‌పీఎం ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు టెర్మినల్‌లో గబగబా పైకి వెళ్లిపోయే వరుసల్లో, ‘నోటీస్’ అన్న మాటతో ఆ సంగతి, మీరు ఇవ్వాల్సిన కమాండ్లు రెండూ ఉంటాయి. మనం చదవం.

అన్నిటికంటే ముందు ఆ సర్వర్ బయటివారికి అందుబాటులో ఉంటే అపాచీని వెంటనే ఆపండి. కోడ్ కనిపిస్తోందంటే అందులో రాసుకున్న డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా కనిపించే అవకాశం ఉంది. తర్వాత సూడో (అడ్మినిస్ట్రేటర్) హోదాలో ‘ఏ2ఎన్‌మాడ్’ కమాండ్‌తో ‘ప్రాక్సీ_ఎఫ్‌సీజీఐ’, ‘సెట్‌ఎన్విఫ్’ అనే రెండు మాడ్యూళ్లను, ‘ఏ2ఎన్‌కాన్ఫ్’ కమాండ్‌తో మీ వెర్షన్ సంఖ్యతో ఉన్న పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అమరికను ఆన్ చేయండి. అపాచీని మళ్లీ లేపేముందు ‘అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్’ నడిపితే, ‘సింటాక్స్ ఓకే’ అని వచ్చిందో లేదో తెలుస్తుంది. అపాచీకి బదులు ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవారికి ఈ రెండు కమాండ్లు ఉండవు. పీహెచ్‌పీ ఫైళ్లను ఏ సాకెట్‌కు పంపాలో సైట్ అమరికలో వారే రాసుకుని, ‘ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ’తో సరిచూసుకోవాలి.

పేజీని మళ్లీ చూసేటప్పుడు బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో వాడండి, లేకపోతే దాచుకున్న పాత కోడ్ పేజీనే చూపించి మిమ్మల్ని మరో గంట తిప్పవచ్చు. సర్వర్ ఇంతకుముందే బయటికి తెరిచి ఉంటే, పేజీ బాగుపడినా సరే ఆ డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మార్చండి, ఆ కోడ్‌లో ఇతర సర్వీసుల కీలు ఉంటే వాటిని కూడా.